రెండు కీబోర్డులు, ఒక చెవి

జనగామలో పెండ్లి ఊరేగింపు చూసినా, మహబూబాబాద్ వైపు పల్లెల్లో ఆదివారం ప్రార్థనకు పోయినా, భూపాలపల్లి సింగరేణి కాలనీలో గణపతి మండపం ముందు కూర్చున్నా ఈ రోజుల్లో తప్పకుండా కనిపించే వాద్యం ఒకటి వుంది. పొడవాటి నల్ల పెట్టె, దాని మీద 61 మెట్లు, వందల కొద్దీ స్వరాల పేర్లు, ఎడమ చేతితో మూడు మెట్లు నొక్కగానే తనంతట తానే డ్రమ్ము, బేస్, గిటారు వాయించే తెలివి. దానినే అరేంజర్ కీబోర్డు అంటారు. హార్మోనియం పోయిన చోట అది వచ్చి కూర్చున్నది. డోలు, డప్పు పోయిన చోట కూడా చాలావరకు అదే వచ్చి కూర్చున్నది.

ఇది కొనదలచిన వాళ్ళ మధ్య నడిచే వాదం మన హాస్టల్ మిత్రులకు తెలియనిది కాదు. "యమహాకున్న పేరు దేనికున్నదిరా?" అని ఒకడు. "పేరు గాదు, కాసియోల బేస్ విన్నవా? గుండె అదురుతది" అని ఇంకొకడు. రాత్రి పన్నెండు దాటినా ఈ వాదం తెగదు. ఎందుకు తెగదంటే, ఇద్దరూ తమ చెవిని నమ్ముతున్నామనే అనుకుంటారు గాని ఒకడు పేరును వింటున్నాడు, మరొకడు శబ్దం పరిమాణాన్ని వింటున్నాడు. నాదాన్ని వినేవాడు అక్కడ లేడు. విజ్ఞానశాస్త్రం చదువుకుంటున్న మనం ఈ వాదాన్ని ప్రయోగశాలలోకి తీసుకుపోలేమా? ఈ వ్యాసం ఉద్దేశం అదే.

ఇది ఉబుసుపోని ముచ్చట కాదు. 2025-26 సంవత్సరానికి పొడవు పింజ పత్తికి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఒక మధ్య తరగతి కీబోర్డు అంటే సుమారు మూడు క్వింటాళ్ళ పత్తి. విత్తనం, మందు, కూలీల ఖర్చు తీసేసి చూస్తే అంతకు మించే. ఇంత పైకం పోసి కొనేటప్పుడు ఎద్దును కొన్నట్లు పళ్ళు లెక్కబెట్టి, నడిపించి చూసి కొనాలే తప్ప, కొమ్ములకు పూసిన రంగు చూసి కొనరాదు.

పెట్టెలో నాదం ఎట్లా దాగి వుంటుంది?

హార్మోనియంలో గాలి తగిలి ఇత్తడి రీడు కంపిస్తుంది. వీణలో తీగ కంపిస్తుంది. కీబోర్డులో మాత్రం కంపించేది స్పీకరు ఒక్కటే. మిగిలినదంతా జ్ఞాపకం.

ఎక్కడో ఒక స్టూడియోలో మంచి పియానో, మంచి వేణువు, మంచి తబలా పెట్టి ఒక్కొక్క స్వరాన్ని రికార్డు చేస్తారు. ఆ తరంగాన్ని సెకనుకు వేల సార్లు కొలిచి అంకెలుగా మార్చి చిప్‌లో భద్రపరుస్తారు. దీనినే శాంప్లింగ్ అంటారు. మనం మెట్టు నొక్కినప్పుడు ఆ అంకెలే మళ్ళీ తరంగమై స్పీకరులోకి వస్తాయి. యమహా వారు తమ పద్ధతికి అడ్వాన్స్‌డ్ వేవ్ మెమరీ అని, కాసియో వారు 2018లో తెచ్చిన తమ పద్ధతికి ఎ.ఐ.ఎక్స్. అని పేరు పెట్టుకున్నారు. పేర్లు వేరు గాని రెండింటికీ మూలం ఈ రికార్డు చేసిన నాదమే.

మరి రెండింటి నాదం వేరువేరుగా ఎందుకు వినిపిస్తుంది? ఒక చిన్న లెక్క వేద్దాం. పెద్ద పియానోకు 88 మెట్లు. ఒక్కొక్క స్వరం సగటున 20 సెకన్లు మోగుతుందని అనుకుంటే మొత్తం 1,760 సెకన్లు. కాంపాక్ట్ డిస్క్ నాణ్యతతో, అనగా సెకనుకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 2 బైట్లు, కుడి ఎడమ రెండు చానెళ్ళ చొప్పున దాచాలంటే సుమారు 31 కోట్ల బైట్లు కావాలి. ఇది ఒకే బలంతో నొక్కినప్పటి సంగతి. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా అని మూడు రకాలుగా దాచాలంటే 93 కోట్లు. ఒక్క పియానోకే ఇంత! వందల స్వరాలున్న పెట్టెలో, అదీ సామాన్యుడు కొనగల ధరలో, ఇంత చోటు ఇవ్వడం కుదరదు.

అందుచేత తయారీదారుడు పొదుపు చేస్తాడు. మూడు నాలుగు మెట్లకు కలిపి ఒకే రికార్డు పెట్టి, దానినే కొంచెం వేగంగానో నిదానంగానో తిప్పి పక్క స్వరాలు పుట్టిస్తాడు. ఒక్క మెట్టు పైకి పోతే వేగం 1.0595 రెట్లు కావాలి. స్వరం మొదటి సెకను భాగాన్ని నిజంగా దాచి, మిగిలిన దానికి ఒక చిన్న ముక్కను గానుగ ఎద్దులాగా గుండ్రంగా తిప్పుతాడు. దీన్ని లూప్ అంటారు. ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయరాదు అన్న నిర్ణయంలోనే ఒక కంపెనీకి మరొక కంపెనీకి తేడా వుంది. మనం "సౌండ్ తేడా" అంటున్నది నిజానికి ఈ పొదుపులో వున్న తేడానే.

ఇద్దరు పోటీదారులు

ఉదాహరణకు ఒకే ఏడు, 2018లో, ఒకే తరగతిలో మార్కెట్టులోకి వచ్చిన రెండింటిని తీసుకుందాం. ఒకటి యమహా పి.ఎస్.ఆర్. ఇ-463, రెండవది కాసియో సి.టి. ఎక్స్-3000. తరువాతి కాలంలో 463 స్థానంలోకి 473 వచ్చింది గాని, ఈ పాత జత పోలికకు చక్కగా సరిపోతుంది. రెంటికీ 61 మెట్లే. రెంటిలోనూ రిథమ్‌ల సంఖ్య 235. రెంటి స్పీకర్లూ ఆరేసి వాట్ల జతే. ఇక తేడాలు: యమహాలో స్వరాలు 758, కాసియోలో 800. ఏకకాలంలో మోగగల స్వరాలు యమహాలో 48, కాసియోలో 64.

దుకాణంలో చెప్పేది ఈ అంకెల గురించే. వీటిని ఒక్కొక్కటి విడదీసి చూడాలి.

758 అన్న అంకెలో యమహా ప్రత్యేకంగా పెట్టిన స్వరాలు 237. మరో 457 వేరే కీబోర్డులతో, కంప్యూటరుతో పొత్తు కుదరడానికి పెట్టిన సాధారణ స్వరాలు. మిగిలినవి డ్రమ్ కిట్లు, అర్పెజియోలు. కాబట్టి 758 కంటె 800 ఎక్కువ అని సంబరపడడం, రెండు బుట్టల మిరపకాయలను రకం చూడకుండా లెక్క పెట్టడం వంటిది. పెండ్లిలో గాని, మందిరంలో గాని వాడే స్వరాలు పది పన్నెండు కంటె ఎక్కువ వుండవు.

48, 64 అన్న అంకెలకు మాత్రం అర్థం వుంది. రిథమ్ నడుస్తున్నప్పుడు డ్రమ్ము, బేస్, గిటారు, తంత్రీవాద్యాలు అన్నీ కలసి ఈ లెక్కలో నుంచే తీసుకుంటాయి. కుడి చేతి కింద రెండు స్వరాలు జోడించి పెడల్ తొక్కి పట్టుకుంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. హద్దు దాటగానే ముందు వాయించిన స్వరం చప్పుడు లేకుండా మాయమౌతుంది. ఒక్క వేలితో పాట వాయించేవాడికి ఈ తేడా తెలియదు. పెడల్ వాడి నిదానమైన పాట వాయించేవాడికి తెలుస్తుంది.

వాట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెళ్ళు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. అంటే 6 వాట్లకు బదులు 60. ఎలాగూ ఊళ్ళో వాయించేటప్పుడు తీగ పెద్ద స్పీకర్లకే పోతుంది గనుక పెట్టెలోని వాట్లను చూసి మోసపోవలసిన పని లేదు.

చెవి చేసే మోసం

1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు మన చెవి స్వభావాన్ని కొలిచి చూపించారు. శబ్దం మెల్లగా వున్నప్పుడు మంద్ర స్వరాలు చెవికి బాగా తగ్గిపోతాయి. శబ్దం పెంచినకొద్దీ బేస్ నిండుగా వినిపిస్తుంది. దీని ఫలితం ఏమిటంటే, ఒకే కీబోర్డును రెండు సార్లు వినిపించి, రెండవసారి ఒకటి రెండు డెసిబెళ్ళు పెంచితే చాలు, "రెండోది మస్తుగున్నది" అంటాం. పెంచిన సంగతి తెలియదు, బాగున్నదని మాత్రం తెలుస్తుంది. దుకాణంలో ఒక దాని నాబ్ సగానికి, ఇంకొక దాని నాబ్ ముప్పాతికకు వుంటే ఆనాటి తీర్పు కీబోర్డుది కాదు, నాబ్‌ది.

కాబట్టి పరీక్ష ఇట్లా చేయాలి. రెండు కీబోర్డులనూ ఒకే స్పీకరుకు కలపాలి. రెంటిలోనూ గదిలో ప్రతిధ్వని వంటి ప్రభావాలను ఆపేయాలి. స్పీకరుకు ఒక మీటరు దూరంలో ఫోను పెట్టి, శబ్దాన్ని కొలిచే యాప్‌తో చూస్తూ ఒకే స్వరం రెంటిలోనూ ఒక డెసిబెల్ తేడాకు మించకుండా సరిచేయాలి. ఆ తరువాత అడ్డంగా దుప్పటి కట్టాలి. వాయించేవాడు ప్రతిసారీ రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే మరొకటి వాయించాలి. వినేవాడు పేరు రాయాలి. పదిసార్లలో తొమ్మిది గాని పది గాని సరిగ్గా చెప్పగలిగితే అది కేవలం అదృష్టం కావడానికి నూటికి ఒక్క వంతు అవకాశమే వుంది. అప్పుడు వాడికి తేడా తెలుస్తున్నదని ఒప్పుకోవచ్చు. ఐదో ఆరో చెప్పినవాడు ఆ రాత్రి నుంచి వాదం మానేయాలి!

ఇక ఏమి వినాలి? పెట్టెలోనే వుండే డెమో పాటలు వినరాదు. అవి ఆ పెట్టె బలాలు చూపించడానికి రాసినవి. మనకు కంఠతా వచ్చిన పాటే వాయించాలి. వేణువు స్వరంలో మొదటి ఊపిరి చప్పుడు సహజంగా వుందా? పియానో స్వరం ఒక్కటి నొక్కి పట్టుకుని అది చచ్చేదాకా వినాలి. మధ్యలో గానుగ తిరుగుడు తెలుస్తున్నదా? ఒకే మెట్టును మెల్లగా, గట్టిగా నొక్కితే శబ్దం పరిమాణం మాత్రమే మారుతున్నదా, స్వరం రంగు కూడా మారుతున్నదా? వరుసగా మెట్లన్నీ ఎక్కుతూ పోతే ఎక్కడైనా గొంతు మారినట్లు తటాలున తేడా వస్తున్నదా? అక్కడే ఒక రికార్డు అయిపోయి ఇంకొకటి మొదలైందన్నమాట.

ఈ రెండు పెట్టెలనూ వాయించి చూసిన మీదట నా చెవికి తోచింది చెబుతాను. యమహా పియానో, గిటారు, తంత్రీవాద్యాలు మెత్తగా వుండి పాడేవాడి గొంతు వెనుక ఒదిగి వుంటాయి. కాసియో డ్రమ్ములు, బేస్, ఇత్తడి వాద్యాలు ముందుకు వచ్చి నిలబడతాయి. మందిరంలో కీర్తనకు మొదటిది, పందిట్లో ఆటపాటకు రెండవది నాకు నచ్చాయి. ఇది నా చెవి మాట, మీ చెవి వేరే తీర్పు ఇవ్వవచ్చు. అయితే శబ్దం సమానం చేసి విన్నప్పుడు ఈ తేడా హాస్టల్ వాదంలో అనిపించినంత పెద్దది కాదని మాత్రం గట్టిగా చెప్పగలను.

రెంటికీ అందనిది

రెండు కీబోర్డుల మధ్య వున్న తేడా కంటె, ఆ రెండింటికీ మన పాటకూ మధ్య వున్న తేడా ఎంతో పెద్దది. దాని గురించి మనం మాట్లాడుకోవడం లేదు.

మెట్ల వాద్యం మీద ఈ అభ్యంతరం కొత్తది కాదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారే గమకం పలకదన్న కారణంతో ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఈ కాలపు కీబోర్డుకు స్వరాన్ని వంచే చక్రం ఒకటి ఎడమ వైపు వుంది. అరేంజర్‌లో ఒకసారి కార్డు నొక్కి వదిలినా బేస్, డ్రమ్ము నడుస్తూనే వుంటాయి గనుక ఎడమ చెయ్యి ఆ చక్రం మీద పెట్టి గమకం కొంతవరకు పలికించవచ్చు. సాధన చేసిన వాడి చేతిలో అది రెంటి మీదా ఒకటే తీరుగా పలుకుతుంది. ఇక్కడ కంపెనీ కంటె చెయ్యి ముఖ్యం.

డప్పు సంగతి ఇంకా లోతైనది. 1920లోనే సి.వి. రామన్, శివకాళీ కుమార్ కలసి నేచర్ పత్రికలో మన దేశపు మద్దెలల గురించి రాశారు. మామూలు గుండ్రటి చర్మం కంపిస్తే వచ్చే పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30 ఇట్లా పొందిక లేని నిష్పత్తుల్లో వుంటాయి. అందుకే స్పష్టమైన శ్రుతి రాదు. మృదంగం, తబలాల చర్మం నడుమ పూసే నల్లని కరణి వల్ల ఆ నిష్పత్తులు 1, 2, 3 అన్నట్లు వరుసకు వస్తాయి. కనుక తబలా శ్రుతి కలిగిన వాద్యం. కీబోర్డులో దాన్ని ఒక స్వరంలాగా దాచవచ్చు. డప్పుకు కరణి లేదు. దానికి మేకతోలు, కొయ్య చట్రం, ఒక చేతిలో సిర్ర, ఇంకొక చేతిలో సిటికెన పుల్ల వున్నాయి. వీటన్నిటికీ తోడు మంట వుంది. వాయించే ముందు మంట దగ్గర కాగబెడితే తోలులోని తేమ పోయి బిగుతు పెరుగుతుంది, శబ్దం పదునెక్కుతుంది. వానకాలం ఒక తీరు, ఎండకాలం ఒక తీరు. వాయించినకొద్దీ బిగుతు తగ్గుతుంది, మళ్ళీ కాగబెడతారు. ఇన్ని మారే దానిని ఒక్క రికార్డుతో ఎట్లా పట్టుకోగలం?

1991లో ప్రపంచపు కీబోర్డు కంపెనీలన్నిటికీ ఉమ్మడిగా జనరల్ మిడీ అని 128 స్వరాల జాబితా ఒకటి తయారైంది. అందులో మన దేశం నుంచి సితార్‌కు, షెహనాయికి చోటు దొరికింది. డప్పుకు, ఒగ్గు డోలుకు దొరకలేదు. తరువాత రెండు కంపెనీలూ మన దేశం కోసమే ప్రత్యేకమైన మోడళ్ళు చేసి తబలా, తాన్‌పురా వంటివి పెట్టాయి. మంచిదే. అయితే దేశమంతటా అమ్మవలసిన పెట్టెలో ఒక్క జిల్లా చప్పుడుకు ముందు వరుస దొరకడం కష్టం. అది కంపెనీల కుట్ర కాదు, వ్యాపారపు లెక్క.

నడక సంగతి చూడండి. ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య గారిది మన జనగామ ప్రాంతపు మాణిక్యపురం. 2017లో కన్నుమూశారు. ఒగ్గు కథలో కథ వేడెక్కినకొద్దీ డోలు వేగం పెరుగుతుంది. కథకుడు ఏడిస్తే డోలు ఆగుతుంది. అక్కడ డోలు కథకుణ్ణి చూసి నడుస్తుంది. అరేంజర్‌లో నిమిషానికి 110 దెబ్బలు అని పెడితే 110 దెబ్బలే. కథకుడే దాన్ని చూసి నడవాలి. బతుకమ్మ ఆటలో ఆడవాళ్ళ చప్పట్లు పాటతో పాటు మెల్లమెల్లగా ముందుకు జరగడం మనం చిన్ననాటి నుంచి విన్నదే. పక్కన కీబోర్డు రిథమ్ పెట్టిన రోజున ఆ జరుగుడు ఆగిపోతుంది. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారు అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

మా ఊళ్ళో నా చిన్నప్పుడు పెండ్లికి ఆరుగురు డప్పు వాళ్ళు వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక కీబోర్డు, ఒక ప్యాడ్, రెండు పెద్ద స్పీకర్లు వస్తున్నాయి. ఆ ఆరుగురిలో ఇద్దరు పత్తి ఏరడానికి కూలికి వస్తున్నారు. వాళ్ళ చేతిలోని దరువులు ఏ చిప్‌లోనూ లేవు. వాళ్ళతోనే పోతాయి.

అయితే కీబోర్డు వద్దా?

అట్లా అనడం న్యాయం కాదు. బయటి వాద్యంతో మన బాణీ కలవడం మన ప్రాంతానికి పాతదే. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో 1939లో కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. అక్కడి బిషప్ వి.ఎస్. అజరయ్య పల్లె బాణీల్లో తెలుగు కీర్తనలు పాడడాన్ని ప్రోత్సహించారు. మతం ఎక్కడి నుంచి వచ్చినా పాట మన నేల మీద నిలబడింది. వాద్యానికీ అదే సూత్రం పనికివస్తుంది.

పైన చెప్పిన యమహా 463లో ఒక సదుపాయం వుంది. ఫోనులో రికార్డు చేసిన శబ్దాన్ని తీగ ద్వారా లోపలికి పంపి మెట్ల మీద వాయించుకోవచ్చు. కాసియో 3000లో మన నడకకు తగినట్లు రిథమ్‌ను మార్చి రాసుకుని దాచుకోవచ్చు. ఒకటి శబ్దానికి తలుపు తీసింది, ఇంకొకటి నడకకు తలుపు తీసింది. ఆ తలుపుల్లో నుంచి మన డప్పును లోపలికి తీసుకుపోవలసింది జపాన్ ఇంజనీరు కాదు, మనం. అయితే కళాకారుణ్ణి అడిగి, ఆయన కష్టానికి పైకం ఇచ్చి రికార్డు చేయాలి. ఊరికే ఫోను ముందు పెట్టి పట్టుకుపోవడం చేనులో చెప్పకుండా కంకులు విరుచుకుపోవడంతో సమానం.

కొనదలచిన మిత్రులకు చివరగా నేను చెప్పేది ఇది. స్వరాల సంఖ్యను చూడకండి. మీరు వాయించే నాలుగు పాటలు పట్టుకుపొండి. శబ్దం సమానం చేయించండి. పేరు కనబడకుండా కళ్ళు మూసుకుని వినండి. గొంతు వెనుక ఒదిగేది కావాలా, ముందుకు వచ్చి నిలబడేది కావాలా, శబ్దం దాచుకునేది కావాలా, నడక రాసుకునేది కావాలా అని మీ అవసరాన్ని అడగండి. రెండూ మంచి పెట్టెలే. మీ పనికి ఏది మంచిదన్నదే లెక్క.

విద్యార్థి సంఘానికి కూడా ఒక మనవి. వచ్చే వార్షికోత్సవానికి కీబోర్డు ఎట్లాగూ వస్తుంది. దాని పక్కన ఇద్దరు డప్పు కళాకారులను, ఒక ఒగ్గు డోలు కళాకారుణ్ణి తగిన పారితోషికంతో పిలిపిద్దాం. రిథమ్ బటను ఆపేసి, డోలు చూపిన నడకలో కీబోర్డు వాయించమందాం. యమహానా, కాసియోనా అన్నది ఆ రోజు మన వాళ్ళెవరికైనా గుర్తుకు వస్తుందేమో చూద్దాం.